కుంకుడు రసం, సున్నిపిండి, నిమ్మ ఉప్పు నీళ్లు: ఇంట్లో చేసుకునే పద్ధతి, మిగిలే డబ్బు లెక్క

షాంపూ, ఫేస్‌వాష్, బాత్‌రూమ్ క్లీనర్ అన్నీ కొనడం మానేసి ఇంట్లోనే చేసుకుంటే నెలకి ఎంత మిగులుతుందని చాలామంది అడుగుతుంటారు. అన్నీ చేసుకోవాలని కూర్చుంటే ఏమీ మిగలదు. సగం పాడై పారబోస్తారు, మిగతా సగం నచ్చక మళ్లీ కొట్టుకే వెళ్తారు. అందుకని ఇక్కడ మూడింటి గురించే చెబుతాను: కుంకుడు రసం, సున్నిపిండి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లు. వీటిలో కూడా అన్ని వాడకాల్లోనూ ఆదా లేదు.

ముందు లెక్క

వంటింట్లో తూకం ఉంటే పది కుంకుడుకాయలు తూచి చూడండి. గింజతో సహా 25 గ్రాములు తూగాయనుకుందాం. కిలో 200 రూపాయలకు తెచ్చారనుకుందాం. పొడుగు జుట్టుకు ఒక తలంటుకి ఆ పది కాయలు పడితే అయ్యే ఖర్చు 5 రూపాయలు, గ్యాసు వేరే. షాంపూ ప్యాకెట్ రూపాయికో రెండు రూపాయలకో దొరుకుతోంది. అంటే ప్యాకెట్లతో సరిపెట్టుకునే ఇంట్లో కుంకుడుకాయ వల్ల పైసా మిగలదు. జుట్టుకి పడుతుందనో, అలవాటనో వాడుకోండి, ఆదా పేరుతో మాత్రం వద్దు. వందల రూపాయల సీసా కొనేవాళ్లకి లెక్క మారుతుంది.

అదే రసంతో పట్టుచీర ఉతికితే డ్రైక్లీనింగ్ బిల్లు మొత్తం మిగులుతుంది. సున్నిపిండి కిలో ఆడిస్తే, చిన్న ప్యాకెట్లలో అమ్మే నలుగుపిండితో పోల్చినప్పుడు తేడా బాగా కనిపిస్తుంది. నిమ్మ ఉప్పు అయితే అన్నిటికంటే చవక, అన్నిటికంటే సులువు. మీ ఊరి ధరలు వేసి మీరే లెక్క చూసుకోండి. ఒకసారి వాడటానికి ఎంత పడుతుందన్నది ముఖ్యం. కిలో ధర చూసి తేల్చకండి.

కుంకుడు రసం

కావలసినవి: కుంకుడుకాయలు 20, నీళ్లు లీటరు, పెద్ద స్టీలు గిన్నె, పల్చటి నూలు గుడ్డ, జల్లెడ, మూతున్న గాజు సీసా.

కాయలు ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. చేత్తో నొక్కితే పెచ్చు కాస్త సాగినట్టుండాలి, విరిచినచోట జిగురు మెరవాలి. పొడిపొడిగా రాలిపోయేవి, కన్నాలు పడ్డవి, బూజు వాసన వచ్చేవి వద్దు. నురగ ఇచ్చేదంతా పైపెచ్చులోనే ఉంటుంది. నల్ల గింజ బరువుకి తప్ప దేనికీ పనికిరాదు. గింజ తీసిన పెచ్చులు దొరికితే ధర ఎక్కువైనా అవి తీసుకోవడమే నయం కావచ్చు. పది కాయలు కొట్టి, పెచ్చులు విడిగా తూచి చూస్తే తెలిసిపోతుంది.

1. కాయల్ని రాతితోనో చిన్న రోకలితోనో చితక్కొట్టి గింజలు తీసేయండి. గింజతో సహా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది.

2. పెచ్చుల్ని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. తొందరగా కావాలంటే వేడినీళ్లు పోసి అరగంట ఉంచండి.

3. నానిన నీళ్లతోనే పొయ్యి మీద పెట్టి, సన్నని మంట మీద 15 నిమిషాలు కాచండి. గిన్నె సగానికి మించి నిండకూడదు. పాలు పొంగినట్టే పొంగి స్టవ్వు మీద పడుతుంది, అది తుడవడం మరో పని.

4. చల్లారాక చేత్తో బాగా పిసకండి. మిక్సీ వాడాలనుకుంటే ఒక్క తిప్పు చాలు. జార్ ఎంత కడిగినా కాస్త చేదు ఉండిపోతుంది కాబట్టి చట్నీల జార్ వాడకండి.

5. ముందు జల్లెడలో, తర్వాత గుడ్డలో వడకట్టండి. రెండోది మానేస్తే పెచ్చు ముక్కలు జుట్టులో చిక్కుకుని దువ్వినకొద్దీ రాలుతూనే ఉంటాయి. చీరల మీదైతే గోధుమరంగు మచ్చలు పడతాయి.

6. మిగిలిన పిప్పిలో అర లీటరు నీళ్లు పోసి ఇంకోసారి కాచి పిండండి. ఈ రెండో రసం పల్చగా ఉంటుంది. అంట్లకి, బాత్‌రూమ్ బకెట్లు, మగ్గులు కడగడానికి వాడుకోండి.

బాగా వచ్చిందో లేదో చూడాలంటే, చిన్న సీసాలో రెండు చెంచాల రసం, అర గ్లాసు నీళ్లు పోసి పది సార్లు గట్టిగా కుదపండి. నురగ నాలుగైదు నిమిషాలు నిలిస్తే రసం బాగుంది. వెంటనే అణిగిపోతే కాయలు పాతవైనా అయ్యుండాలి, నానింది చాలకైనా ఉండాలి. షాంపూ అంత నురగ రాలేదని మాత్రం రసం మీద రసం పోసుకోకండి. కుంకుడు నురగ మొదటినుంచీ పల్చనే. బోరు నీళ్లలో సబ్బు తెల్లగా విరిగి తెట్టు కడుతుంది చూడండి, ఆ బాధ మాత్రం దీనితో లేదు.

నిల్వ గురించి ఎక్కువమంది పొరబడతారు. బయట ఉంచితే మర్నాటికే పులుపు వాసన మొదలవుతుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. నెలకి సరిపడా ఒకేసారి చేసి పెట్టుకోవాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, కావలసినన్ని ముక్కలు తీసుకుని వేడినీళ్లలో వేసుకోండి. పులిసిన వాసన వచ్చినా, జిగటగా తీగ సాగినా, పైన బూజు కనిపించినా పారబోయడమే. మళ్లీ కాస్తే బాగుపడదు. పారబోసేటప్పుడు చెరువులోనో చేపల తొట్టిలోనో పోయకండి, కుంకుడు చేపలకు విషం.

తలంటుకి

జుట్టుకి నూనె రాసి గంటయ్యాక, గోరువెచ్చని రసం కొంచెం కొంచెంగా మాడుకి పట్టించండి. మీ జుట్టు పొడిబారే రకమైతే నాలుగు మందారాకులు నలిపి ఆ జిగురు కలుపుకోండి, లేదా పల్చటి గంజి. రంగు వేయించుకున్న జుట్టుకి రసంలో సగానికి సగం నీళ్లు కలపండి.

కంట్లో పడితే భగ్గుమంటుంది. పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వాల్చి, నుదుటి మీద తువ్వాలు అడ్డం పెట్టండి. పడనే పడితే నలపనివ్వకుండా మంచినీళ్లతో పావుగంట కడగండి. ఎరుపు, నీరు కారడం తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పసిపిల్లలకి అసలు వాడకండి.

ఆరాక మాడు మీద వేలితో రాసి చూడండి. జిడ్డు తగిలితే రసం చాలలేదు. పొట్టు రాలుతుంటే చిక్కదనం ఎక్కువైంది, లేదా ఆఖరి నీళ్లు సరిగ్గా పోసుకోలేదు.

పట్టుచీరకి

అసలు ఆదా ఇక్కడ ఉంది, ప్రమాదం కూడా ఇక్కడే.

1. ముందు రంగు పరీక్ష చేయండి. తెల్ల గుడ్డని రసంలో తడిపి, చీర లోపలి వైపు ఒక నిమిషం అదిమి పట్టండి. ఒంటికి, అంచుకి, కొంగుకి విడివిడిగా చూడండి. దేనికి రంగు అంటినా ఆగిపోండి, ఆ చీర డ్రైక్లీనింగ్‌కే.

2. అర బకెట్ చన్నీళ్లలో బాగా వడకట్టిన రసం రెండు గ్లాసులు కలపండి. వేడినీళ్లు వద్దు.

3. చీర ముంచి, చేత్తో మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. ఐదు నిమిషాలు మించకూడదు. బ్రష్షు, బండకేసి బాదడం పట్టు దగ్గర పనికిరావు.

4. మూడు సార్లు నీళ్లు మార్చి జాడించండి. మూడోసారి నీళ్లలో నురగ, గోధుమరంగు రెండూ ఉండకూడదు.

5. పిండకండి. పెద్ద తువ్వాలులో చుట్టి అదిమి నీళ్లు పీల్పించి, నీడలో తిరగేసి ఆరేయండి.

తెలుపు, క్రీము, లేత గులాబీ రంగు చీరలకు ఇది వద్దు. రసం రంగు లీలగా దిగుతుంది, అది వెలుతురులో పెట్టి చూస్తే తప్ప తెలియదు. గద్వాల చీరలతో జాగ్రత్తగా ఉండండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి రెండూ ఒకేలా ఆరవు, అతుకు దగ్గర ముడుచుకోవచ్చు. ఉప్పాడ జాందానీల్లాంటి పల్చటి నేత ఉన్నవి, మగ్గం వర్క్, కుందన్లు కుట్టినవి ఇంట్లో ఉతికే సాహసం చేయకండి. నూనె మరక, కూర మరక కుంకుడు రసానికి లొంగదు. మరక ఉన్న చీర ఉతక్కుండానే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి, తడి తగిలాక తీయడం ఇంకా కష్టం.

బంగారు నగలకి గోరువెచ్చని రసంలో పది నిమిషాలు నానబెట్టి మెత్తని బ్రష్షుతో రుద్దితే చాలు, కంసాలులు వాడేదీ ఇదే. ముత్యాలు, పగడాలు, లక్కతో రాళ్లు పొదిగినవి మాత్రం నానబెట్టవద్దు.

అంట్ల సంగతి కొస్తే, టీ గ్లాసులు, టిఫిను పళ్లేలు రెండో రసంతో శుభ్రంగా వస్తాయి. వేపుడు మూకుడికి సరిపోదు. ముందు శనగపిండి చల్లి జిడ్డు తుడిచేస్తే కొంత నయం. అంట్ల కోసమే ప్రత్యేకంగా కాయలు కాచడం గ్యాసు దండగ.

సున్నిపిండి

కావలసినవి: పచ్చ పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు, కస్తూరి పసుపు 50 గ్రాములు, కచ్చూరాలు (సువాసన ఉండే ఎండు దుంపలు) 50 గ్రాములు, ఎండు గులాబీ రేకులు రెండు గుప్పెళ్లు. నీడలో ఎండబెట్టిన కమలా తొక్కలు ఉంటే ఒక గుప్పెడు వేసుకోవచ్చు. చివరి మూడూ లేకపోయినా సున్నిపిండి సున్నిపిండే, వాసన తగ్గుతుందంతే. కస్తూరి పసుపు దొరక్కపోతే వంట పసుపు ఒక చెంచాకి మించి వేయకండి, ఒళ్లూ తువ్వాలూ పచ్చబడతాయి.

చాలామంది ఇందులో బావంచాలు (ఒక మూలిక గింజలు) కూడా వేస్తారు. మీరు వేయకండి. వాటిలో ఉండే పదార్థం చర్మానికి పట్టాక ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కవచ్చు, నల్లమచ్చలు పడవచ్చు. మూలికల కొట్టులో కలిపి ఇచ్చే పొట్లం కొంటే బావంచాలు ఉన్నాయేమో అడగండి.

1. పప్పులు, బియ్యం ఏరి, రెండు రోజులు గట్టి ఎండలో పోయండి. పెసర గింజ పళ్ల మధ్య పెడితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి.

2. కస్తూరి పసుపు కొమ్ములు, కచ్చూరాలు రాళ్లలా ఉంటాయి. ముందే రోట్లో చిన్న ముక్కలుగా దంచండి.

3. పిండిమరకి తీసుకెళ్లినప్పుడు, మీకంటే ముందు ఏం ఆడించారో కనుక్కోండి. కారమో, మసాలాయో పట్టిన మరలో మీది వేస్తే ఆ సున్నిపిండి ఒంటికి రాసుకున్న రోజు మర్చిపోలేరు. కారం మర వేరే ఉన్నచోటికే వెళ్లండి. పొద్దున్నే మొదటి వాయ వేయించుకున్నా మంచిదే, కాకపోతే ముందో గుప్పెడు బియ్యం ఆడించి పారేయమనండి.

4. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. పేపరు మీద పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద డబ్బాకెత్తితే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, నెల తిరక్కుండా పురుగు.

5. సన్న జల్లెడ పట్టండి. పైన మిగిలిన బరక విడిగా ఉంచితే పాదాలకి, మోచేతులకి పనికొస్తుంది. ముఖానికి ఆ బరక తగలనివ్వకండి.

6. పొడి డబ్బాలో పోసి, బాత్‌రూమ్‌లో కాకుండా బయట పెట్టండి. స్నానానికి కావలసినంత చిన్న గిన్నెలో తీసుకెళ్లండి. మూడు నెలల్లో వాడేయండి.

రెండు చెంచాల పిండిని నీళ్లతో కలిపి అప్పటికప్పుడు రాసుకోవాలి. కలిపిన ముద్ద సాయంత్రానికి దాస్తే పులుస్తుంది. ముఖానికి పాలో, మజ్జిగో కలపవచ్చు. నిమ్మరసం మాత్రం వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళ్లినవాళ్లకి కాలిన మచ్చలు పడటం మామూలే.

కొత్త పిండి చేసిన ప్రతిసారీ మోచేతి లోపలి వైపు కొంచెం రాసి కడిగేసి ఒక రోజు ఆగండి. దురద, దద్దుర్లు లేకపోతే మొదలుపెట్టండి. మొటిమలు పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే ఎక్కువవుతాయి. చర్మం పగిలి, ఎర్రబడి ఉన్న చంటిపిల్లలకి పప్పు పిండి రాయకండి. బామ్మలు ఒప్పుకోరు కానీ, పగుళ్ల మీద తిండి పదార్థాలు రాస్తే తర్వాత ఆ తిండే పడకుండా పోయే ప్రమాదం ఉంది.

రోజూ సున్నిపిండితో సబ్బు మానేయాలన్నది మీ ఇష్టం. చర్మం పొడిగా ఉండేవాళ్లకి వారానికి రెండు మూడు సార్లు చాలు. దీపావళికో, భోగికో నూనె రాసుకుని నలుగు పెట్టుకునేటప్పుడు మాత్రం బాత్‌రూమ్ గచ్చు చూసుకోండి. నూనె, పిండి కలిసిన నేల మీద పెద్దవాళ్లు జారిపడితే ఆ ఆసుపత్రి ఖర్చు ముందు ఈ ఆదా ఏ మూలకి? స్నానం అవగానే వేడినీళ్లు, సబ్బుపొడి వేసి నేల కడిగేయండి. తూము మీద జాలీ పెట్టండి, పిండీ జిడ్డూ గొట్టంలో గడ్డకడతాయి.

నిమ్మ ఉప్పు నీళ్లు

బోరు నీళ్లున్న ఇంట్లో కుళాయిలు, షవరు, స్టీలు బకెట్లు, ఎలక్ట్రిక్ కెటిల్ అడుగు తెల్లగా గారపట్టిపోతాయి. దానికి అమ్మే ఖరీదైన సీసాల్లో చాలావాటి పని పులుపే చేస్తుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పుదీ అదే పులుపు.

లీటరు గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాములు, కరిగించండి. అంతే.

కుళాయికి: గుడ్డ తడిపి చుట్టి అరగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో తోమి కడిగేయండి. అంతకన్నా ఎక్కువ ఉంచితే పూత మసకబారవచ్చు.

షవరుకి: నీళ్లు ప్లాస్టిక్ కవరులో పోసి, షవరు తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి.

కెటిల్‌కి: సగం నింపి మరిగించి, 20 నిమిషాలు ఆగి పారబోయండి. తర్వాత మంచినీళ్లు రెండుసార్లు మరిగించి పారబోశాకే తాగడానికి వాడండి.

గార చాలా మందంగా ఉంటే ఒక్కసారికి పోదు. నీళ్లు చిక్కగా చేయడం కన్నా రెండుసార్లు చేయడం మంచిది. పని అయిందో లేదో వేలితో రాసి చూడండి, గరుకు తగలకూడదు. పసుపు మరకలు, తుప్పు అక్కడే ఉంటే అది గార కాదు, వేరే బాధ.

కడప రాయి వంటగట్టు, తాండూరు బండలు, శాబాదు బండలు, మార్బుల్, మొజాయిక్ వీటి మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకండి. ఆ బండలు సున్నపురాయి జాతివి, గారలో ఉన్నదీ అదే సున్నం. గారని కరిగించేది బండనీ కరిగిస్తుంది. పాలిష్ పోయి మసక మచ్చ పడుతుంది, అది కడిగితే పోదు. వెనిగర్, నిమ్మచెక్క, చింతపండు నీళ్లు కూడా ఇంతే. మీ బండ ఏ రకమో తెలియకపోతే ఎవరికీ కనపడని మూల ఒక చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే దూరంగా ఉండండి. ఆ నేలలకి మామూలు నీళ్లు, నాలుగు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: బ్లీచింగ్ పౌడర్‌తో నిమ్మ ఉప్పుగానీ, వెనిగర్‌గానీ, టాయిలెట్ యాసిడ్‌గానీ కలపకండి. ఒకటి వాడిన చోట నీళ్లతో బాగా కడగకుండా ఇంకోటి పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఊపిరి ఆడదు. పొరపాటున కలిస్తే శుభ్రం చేయబోకుండా తలుపు తీసి బయటికి వచ్చేయండి. ఆయాసమో, ఆగని దగ్గో ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

వంటసోడా, వెనిగర్ కలిపి సీసాలో నిల్వ చేసే చిట్కా కూడా తరచూ కనిపిస్తుంటుంది. పొంగుతుంటే ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది కానీ, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉత్త నీళ్లే. మూత బిగిస్తే సీసా పేలవచ్చు. సోడాతో విడిగా తోముకోండి, పులుపుతో విడిగా గార తీసుకోండి.

టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, ఇంట్లో జబ్బు చేసినప్పుడు వాడే క్రిమిసంహారకాలు కొనుక్కోవలసినవే. బొగ్గుపొడి, ఉప్పు రోజూ రుద్దితే పళ్ల మీది పూత అరిగిపోతుంది, ఆ తర్వాత పళ్ల డాక్టరుకిచ్చే దానితో ఎన్ని పేస్టులైనా వచ్చేవి. కాస్టిక్ సోడాతో సబ్బు వండటం చూసి నేర్చుకోవలసిన పని, చదివి మొదలుపెట్టేది కాదు.

చేసినవాటికి చీటీలు అంటించండి. పేరు, చేసిన తేదీ రాయండి. కుంకుడు రసం అచ్చం కషాయంలా ఉంటుంది, నిమ్మ ఉప్పు చక్కెరలా, దాని నీళ్లు మంచినీళ్లలా ఉంటాయి. అందుకే తాగే నీళ్ల సీసాల్లోనూ, వంటింటి డబ్బాల్లోనూ పోయకండి. పిల్లలకి అందని అరలో పెట్టండి.